డెబియన్‌లో మిగిలిపోయిన పాత బ్రౌజర్ ప్లగిన్ ప్యాకేజీలు: మెషీన్లలోంచీ, సొంత రిపోలోంచీ తీసేయడం ఎలా?

#1 ల్యాబ్_రాము

అందరికీ నమస్కారం. కాలేజీ ల్యాబ్ ఇమేజ్ ఒకటి ఉంది. డెబియన్ 8 కాలంలో కట్టింది, మెట్టు మెట్టుగా 12 దాకా అప్‌గ్రేడ్ అవుతూ వచ్చింది. ఫైర్‌ఫాక్స్ ఈఎస్ఆర్ (ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే వెర్షన్) బాగానే నడుస్తోంది కానీ /యూఎస్ఆర్/లిబ్/మొజిల్లా/ప్లగిన్స్ ఫోల్డర్లో ఇవన్నీ ఇంకా ఉన్నాయి:

ఫ్లాష్-మొజిల్లా.ఎస్ఓ (సింబాలిక్ లింకు)
లిబ్‌జావాప్లగిన్.ఎస్ఓ (ఇదీ లింకే)
లిబ్‌వీఎల్‌సీప్లగిన్.ఎస్ఓ
జెకో-మీడియాప్లేయర్.ఎస్ఓ, అదే పేరుతో మొదలయ్యేవి ఇంకొన్ని

మాకు రెప్రెప్రో అనే టూల్‌తో నడిచే సొంత రిపో (ప్యాకేజీల నిల్వ) ఉంది. అందులో ల్యాబ్-డెస్క్‌టాప్ అనే మెటాప్యాకేజీ (తనలో ఏమీ ఉండదు, మిగతా ప్యాకేజీలను వెంట తెస్తుంది). దాని డిపెండ్స్ లైన్లో ఫ్లాష్‌ప్లగిన్-నాన్‌ఫ్రీ, ఐస్‌డ్‌టీ-ప్లగిన్ రెండూ ఉన్నాయి. డెబియన్ వాటిని తీసేశాక పాత డెబ్ ఫైళ్ళనే రిపోలో పెట్టి నెట్టుకొస్తున్నారు.

రెండు ప్రశ్నలు. ఆ ఫోల్డర్ మొత్తాన్ని ఆర్ఎం మైనస్ ఆర్ఎఫ్ కొట్టేస్తే సరిపోతుందా? రిపోలోంచి తీసేస్తే మెషీన్లలోంచి వాటంతట అవే పోతాయా?

#2 బెజవాడ_బాష్

రెండిటికీ కాదనే జవాబు, రాము గారూ.

ఫోల్డర్‌ని చేత్తో చెరిపేస్తే ప్యాకేజీ ఉన్నట్టే డీపీకేజీ (డెబియన్ ప్యాకేజీలను నిర్వహించే టూల్) లెక్కలో ఉంటుంది. రేపు ఎవరైనా రీఇన్‌స్టాల్ కొడితే ఫైళ్ళు తిరిగొస్తాయి. ముందు ఏ ఫైలు ఎవరిదో తేల్చుకోండి. ప్రతి దానిమీదా 'డీపీకేజీ -ఎస్ ఫైలుపేరు' కొట్టండి (ఎస్ పెద్దక్షరం). వీఎల్‌సీది బ్రౌజర్-ప్లగిన్-వీఎల్‌సీ అని, జెకోది జెకో-మీడియాప్లేయర్ అని వస్తుంది. ఫ్లాష్, జావా లింకుల దగ్గర మాత్రం ఏ ప్యాకేజీవీ కావంటుంది. కంగారు పడొద్దు. ఫ్లాష్‌ప్లగిన్-నాన్‌ఫ్రీ డెబ్‌లో అసలు ప్లేయర్ ఉండదు, అది ఒక డౌన్‌లోడర్ మాత్రమే. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు అడోబీ సైటు నుంచి తెచ్చి /యూఎస్ఆర్/లిబ్/ఫ్లాష్‌ప్లగిన్-నాన్‌ఫ్రీ కింద పెట్టి, అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ ద్వారా లింకు వేసేది. కాబట్టి తీసేటప్పుడు కూడా దాని స్క్రిప్టుకే పని అప్పజెప్పాలి. ప్యాకేజీని పర్జ్ చేసి (కాన్ఫిగ్ ఫైళ్ళతో సహా తీసేసి), ఆ తర్వాత ఏం మిగిలిందో చూడండి.

ఏ ఎస్ఓ ఫైలు నిజంగా పాత తరహా ప్లగినో అనుమానం వస్తే:

ఎన్ఎం -డి --డిఫైన్డ్-ఓన్లీ ఫైలుపేరు

(డి పెద్దక్షరం.) అవుట్‌పుట్‌లో ఎన్‌పీ_ఇనిషియలైజ్, ఎన్‌పీ_షట్‌డౌన్, ఎన్‌పీ_గెట్‌మైమ్‌డిస్క్రిప్షన్ కనిపిస్తే అది ఎన్‌పీఏపీఐ అనే ఆ పాత తరహా ప్లగిన్. జీఎంపీఇనిట్, జీఎంపీగెట్‌ఏపీఐ కనిపిస్తే అది ఫైర్‌ఫాక్స్ ఇప్పటికీ వాడుతున్న మీడియా మాడ్యూల్. దాన్ని ముట్టుకోవద్దు.

#3 ఓరుగల్లు_ఓపెన్‌సోర్స్

కొత్తగ చదివేటోళ్ళ కోసం తేదీలు ఒక్కకాడ పెడుతున్న. లైనక్స్ క్రోమ్ 2014ల వెర్షన్ 35తోనే ఎన్‌పీఏపీఐ బంద్ చేసింది. ఫైర్‌ఫాక్స్ 2017 మార్చిల వెర్షన్ 52తోని ఫ్లాష్ ఒక్కటి తప్ప తక్కినయన్నీ ఆపేసింది, ఈఎస్ఆర్ 52 వాడేటోళ్ళకు మాత్రం ఇంకొన్ని రోజులు నడిచినయ్. అడోబీ 2020 డిసెంబర్ 31న ఫ్లాష్‌ను ఆపింది, 2021 జనవరి 12 నుంచి ప్లేయరే లోపల కంటెంటును అడ్డుకుంటది. అదే నెల ఫైర్‌ఫాక్స్ 85 వచ్చింది, ఫ్లాష్ కూడ పోయింది. వెబ్‌కిట్‌జీటీకే అనే బ్రౌజర్ ఇంజిన్ 2.32లో ఎన్‌పీఏపీఐని పీకేసింది.

"బ్రౌజరే లోడ్ చేస్తలేదు గదా, ఉంటే ఏంది?" అని అడుగుతరు. ఎందుకు ఉండొద్దో చెప్త. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ లోడ్ చెయ్యవు గని సీమంకీ, పేల్‌మూన్ అసొంటివి అదే ఫోల్డర్ చూస్తయ్. ల్యాబ్‌ల ఎవడన్న పేల్‌మూన్ టార్ ఫైలు హోమ్‌ల విప్పుకున్నడనుకో, సెక్యూరిటీ ప్యాచ్ లేని వీఎల్‌సీ ప్లగిన్ మళ్ళ పాణం పోసుకుంటది. ఇగ ఈ ప్లగిన్లు చాలమటుకు జీటీకే 2 (విండోలు, బటన్లు గీసే పాత లైబ్రరీ) మీద కట్టినయి, పాత లైబ్రరీలను అవే పట్టుకోని కూసుంటయ్. ఫైర్‌ఫాక్స్ సంగతి సుత అంతే: 46 నుంచి జీటీకే 3కు మారినా ఫ్లాష్ కోసం జీటీకే 2 ముక్క ఒకటి ఏండ్ల పొడుగున మోసింది.

#4 టెర్మినల్_తాత

మెషీన్ మీద చేయాల్సిన పని చెబుతాను. డెబియన్ 11 నుంచి ఆప్ట్‌లోనే ప్యాటర్న్‌లు (ప్యాకేజీలను వడగట్టే గుర్తులు) వచ్చాయి, విడిగా ఆప్టిట్యూడ్ అక్కర్లేదు.

ఆప్ట్ అప్‌డేట్
ఆప్ట్ లిస్ట్ '?అబ్సొలీట్'

పొట్టిగా '~ఓ' అన్నా అదే. ఇన్‌స్టాల్ అయి ఉండీ ఏ రిపోలోనూ దొరకని ప్యాకేజీల జాబితా వస్తుంది. ఇక్కడ మూడు గోతులున్నాయి.

మొదటిది, అప్‌డేట్ సరిగ్గా పూర్తికాకపోతే, లేదా రిలీజ్ అప్‌గ్రేడ్ కోసం థర్డ్ పార్టీ రిపోలను కామెంట్ చేసి మళ్ళీ తెరవకపోతే, బతికున్న ప్యాకేజీలు కూడా ఈ జాబితాలో చేరతాయి. చేత్తో దింపుకుని వేసుకున్న డెబ్‌లూ అంతే: ప్రింటర్ డ్రైవరు, డిజిటల్ సంతకం టోకెన్ డ్రైవరు వగైరా. అందుకని 'ఆప్ట్ పర్జ్ ~ఓ' అని గుడ్డిగా కొట్టే సలహా ఎక్కడ కనిపించినా పక్కన పెట్టండి. జాబితా చదవండి, పేరు పేరునా తీయండి.

రెండోది మీకే వర్తిస్తుంది రాము. ఫ్లాష్‌ప్లగిన్-నాన్‌ఫ్రీ మీ సొంత రిపోలో ఉంది కాబట్టి ఈ జాబితాలో అది రానే రాదు! ఆప్ట్ దృష్టిలో అది నిక్షేపంగా ఉన్న ప్యాకేజీ. మెషీన్ శుభ్రంగా ఉందని మోసపోతారు. దాన్ని 'డీపీకేజీ -ఎల్' అవుట్‌పుట్‌లో విడిగా వెతకండి: ప్లగిన్, ఫ్లాష్, గ్నాష్, ఐస్‌డ్‌టీ, మొజిల్లా అనే ముక్కలతో.

మూడోది, గతంలో పర్జ్ కాకుండా రిమూవ్ మాత్రమే చేసినవి. వాటి కాన్ఫిగ్ ఫైళ్ళు మిగిలుంటాయి. 'ఆప్ట్ లిస్ట్ ~సీ' చూపిస్తుంది, 'ఆప్ట్ పర్జ్ ~సీ' తీసేస్తుంది. అయితే పర్జ్ అంటే కాన్ఫిగ్ ఒక్కటే కాదు. కొన్ని ప్యాకేజీల పోస్ట్‌ఆర్ఎం స్క్రిప్టు డేటా ఫోల్డర్లను కూడా ఊడ్చేస్తుంది. జాబితాలో డేటాబేస్ సర్వర్ పేరేదైనా కనిపిస్తే దాన్ని వదిలేసి మిగతావి చేయండి.

ఏది తీసినా ముందు 'ఆప్ట్ -ఎస్ పర్జ్ పేరు' అని నాటకం ఆడించి చూడండి. అసలు వేటు తర్వాత.

#5 ల్యాబ్_రాము

తాత గారూ, మీరన్నట్టే ~ఓ జాబితాలో ఐస్‌డ్‌టీ-7-ప్లగిన్, జెకో-మీడియాప్లేయర్, బ్రౌజర్-ప్లగిన్-వీఎల్‌సీ వచ్చాయి, ఫ్లాష్ రాలేదు.

-ఎస్ పెట్టి ఫ్లాష్‌ప్లగిన్-నాన్‌ఫ్రీ పర్జ్ చూస్తే ల్యాబ్-డెస్క్‌టాప్ కూడా పోతుందంటోంది. ఆ కిందే "ఈ ప్యాకేజీలు ఇక అవసరం లేదు, ఆటోరిమూవ్ చేసుకోవచ్చు" అంటూ లిబ్రాఫీస్, జీసీసీ, కోడ్‌బ్లాక్స్‌తో సహా ల్యాబ్ సాఫ్ట్‌వేర్ మొత్తం చూపిస్తోంది. ఆగిపోయాను.

#6 బెజవాడ_బాష్

ఆగి మంచి పని చేశారు. ఇలాంటి చోట ఇమేజ్‌లు చెడిపోయేది ప్లగిన్ వల్ల కాదు, ఈ మెటాప్యాకేజీ గొలుసు వల్లే. డిపెండ్స్ అంటే ఆ ప్యాకేజీ లేకుండా నేను ఉండనని అర్థం. ఫ్లాష్ పోతే మెటా పోతుంది. మెటా పోతే దానివల్ల ఆటోమేటిక్‌గా వచ్చినవన్నీ అనాథలవుతాయి. తర్వాత ఎవరో అలవాటుగా ఆటోరిమూవ్ కొడతారు. ల్యాబ్ ఖాళీ.

మీ పని వరస ఇలా ఉండాలి:

1. ల్యాబ్-డెస్క్‌టాప్ కంట్రోల్ ఫైల్లో డిపెండ్స్ నుంచి ఆ రెండు పేర్లు తీసేయండి. రికమెండ్స్, సజెస్ట్స్ కూడా చూడండి. 'ఫ్లాష్‌ప్లగిన్-నాన్‌ఫ్రీ | బ్రౌజర్-ప్లగిన్-గ్నాష్' లాంటి ప్రత్యామ్నాయ జతలు దాక్కుని ఉంటాయి. నిలువు గీతకు రెండు వైపులా ఉన్నవీ చచ్చినవే.
2. వెర్షన్ పెంచి, చేంజ్‌లాగ్‌లో కారణం రాసి, బిల్డ్ చేసి రిపోలోకి ఎక్కించండి.
3. మెషీన్లలో మెటాప్యాకేజీ కొత్త వెర్షన్‌కి మారాక మళ్ళీ -ఎస్ పెట్టి చూడండి. ఇప్పుడు పర్జ్ జాబితాలో ప్లగిన్ ఒక్కటే ఉండాలి.
4. అప్పుడు పర్జ్.
5. అన్నిటికంటే చివర రిపోలోంచి తీయడం. 'రెప్రెప్రో ఎల్‌ఎస్ ఫ్లాష్‌ప్లగిన్-నాన్‌ఫ్రీ' కొడితే ఏయే కోడ్‌నేమ్‌ల (బుక్‌వార్మ్ లాంటి డెబియన్ విడుదల పేర్ల) కింద ఉందో చెబుతుంది. 'రెప్రెప్రో రిమూవ్ బుక్‌వార్మ్ ఫ్లాష్‌ప్లగిన్-నాన్‌ఫ్రీ' అని ఒక్కో కోడ్‌నేమ్‌కీ విడివిడిగా కొట్టాలి. ఏ కోడ్‌నేమూ దాన్ని పట్టుకుని లేకపోతే పూల్‌లోని డెబ్ ఫైలుని రెప్రెప్రోనే చెరిపేస్తుంది.

5ని ముందు చేస్తే పాత మెషీన్లకు ఏం కాదు, కొత్త మెషీన్ ఇన్‌స్టలేషన్ పడిపోతుంది. మెటాప్యాకేజీ అడిగేది రిపోలో దొరకదు. ప్రీసీడ్ ఫైలు (ఇన్‌స్టాలర్ ప్రశ్నలకు ముందే జవాబులు రాసి పెట్టేది) వాడుతుంటే పీకేజీసెల్/ఇంక్లూడ్ లైన్ కూడా వెతకండి. లేని ప్యాకేజీ పేరు అక్కడ ఒక్కటున్నా ఇన్‌స్టాలర్ సాఫ్ట్‌వేర్ ఎంపిక మెట్టు దగ్గర ఎర్ర తెర చూపించి ఆగుతుంది.

#7 కర్నూలు_కెర్నల్

4వ మెట్టుకి ప్రతి మెషీన్ దగ్గరికీ వెళ్ళడం ఎందుకు? కొత్త ల్యాబ్-డెస్క్‌టాప్ కంట్రోల్‌లో 'కాన్‌ఫ్లిక్ట్స్: ఫ్లాష్‌ప్లగిన్-నాన్‌ఫ్రీ, ఐస్‌డ్‌టీ-ప్లగిన్' అని పెట్టేస్తే అప్‌గ్రేడ్‌లోనే అవి ఎగిరిపోతాయి కదా.

#8 బెజవాడ_బాష్

ఎగరకపోవచ్చు కూడా. 'ఆప్ట్ ఫుల్-అప్‌గ్రేడ్' అయితే తీస్తుంది. మామూలు 'ఆప్ట్ అప్‌గ్రేడ్' ఏ ప్యాకేజీనీ తీయదు కాబట్టి కొత్త మెటాప్యాకేజీనే వెనక్కి ఆపి "కెప్ట్ బ్యాక్" అంటుంది. అంటే ప్లగిన్ పోకపోగా మెటాప్యాకేజీ కూడా పాత వెర్షన్ దగ్గరే ఇరుక్కుంటుంది. ఆ తర్వాత దాని ద్వారా మీరు పంపే మార్పులేవీ అందవు. పైగా కాన్‌ఫ్లిక్ట్స్ ఉన్నది రెండు ప్యాకేజీలు ఒకచోట ఉండటం కుదరనప్పుడు. ఇక్కడ గొడవ అది కాదు, ఒకటి అక్కర్లేదు అంతే. పర్జ్ కూడా జరగదు, రిమూవ్ మాత్రమే అవుతుంది. కాన్ఫిగ్ మిగిలిపోతుంది.

అన్ని మెషీన్లకూ ఒకేసారి చేయాలంటే యాన్సిబుల్. ఆప్ట్ మాడ్యూల్‌లో పేర్ల జాబితా ఇచ్చి స్టేట్ యాబ్సెంట్, పర్జ్ ఎస్. అదే టాస్క్‌లో ఆటోరిమూవ్ ఎస్ పెట్టకండి, అది చూసి చేసే పని.

#9 కర్నూలు_కెర్నల్

ఫుల్-అప్‌గ్రేడ్ మాత్రమే నడిపే ల్యాబ్‌లో నా పద్ధతికి ఢోకా లేదు. అందరి దగ్గరా యాన్సిబుల్ ఉండదు. కానీ కెప్ట్ బ్యాక్ సంగతి నిజమే, ఒప్పుకుంటా.

#10 టోపీ_లైనక్స్

ఫెడోరా వైపు ఇది కొంచెం తేలిక. ఆర్‌పీఎంలో అబ్సొలీట్స్ అనే ట్యాగ్ ఉంది, డీఎన్‌ఎఫ్ మామూలు అప్‌గ్రేడ్‌లోనే పాతదాన్ని తీసేస్తుంది. వారసుడు లేని ప్యాకేజీల కోసం ఫెడోరా-అబ్సొలీట్-ప్యాకేజెస్ అని ఖాళీ ప్యాకేజీ ఒకటుంది, దాంట్లో ఇలాంటి పేర్లే వరసగా ఉంటాయి. అప్‌గ్రేడ్‌కి అడ్డం పడేవాటినే అందులో చేరుస్తారు, రిటైర్ అయిన ప్రతిదాన్నీ కాదు. మిగతావి 'డీఎన్‌ఎఫ్ లిస్ట్ --ఎక్స్‌ట్రాస్' తో చూసుకోవాలి. రిమూవ్-రిటైర్డ్-ప్యాకేజెస్ అనే టూల్ కూడా ఉంది. ప్యాకేజర్ వైపు 'ఫెడ్‌పీకేజీ రిటైర్' కొట్టి కారణం రాస్తే గిట్‌లో ఫైళ్ళు పోయి డెడ్.ప్యాకేజ్ అనే ఫైలు మిగులుతుంది.

ఈ థ్రెడ్ చదివి ఫెడోరాలో ప్లగిన్స్ ఫోల్డర్ చెరిపేద్దామనుకునేవారికి మాత్రం గట్టిగా చెబుతున్నా, ఆగండి. మొజిల్లా-ఓపెన్‌హెచ్264 ప్యాకేజీ తన ఫైళ్ళను పెట్టేది /యూఎస్ఆర్/లిబ్64/మొజిల్లా/ప్లగిన్స్ కిందే, జీఎంపీ-జీఎంపీఓపెన్‌హెచ్264 అనే ఫోల్డర్లో. అది ఎన్‌పీఏపీఐ కాదు. వీడియో కాల్స్‌లో హెచ్.264 దాంతోనే నడుస్తుంది. ఆ ఫోల్డర్ పోతే పేజీ తెరుచుకుంటుంది, కెమెరా వెలుగుతుంది, హెచ్.264 మాత్రమే ఇచ్చే అవతలి మనిషి బొమ్మ రాదు. కారణం ఇక్కడుందని ఎవరికీ తట్టదు.

ఇంకోటి, ఫ్లాష్‌ని అడోబీ యమ్ రిపో నుంచి వేసి ఉంటే ప్యాకేజీ తీసినా /ఈటీసీ/యమ్.రిపోస్.డీ కింద అడోబీ రిపో ఫైలు మిగులుతుంది. సంతకం కీ కూడా ఆర్‌పీఎం డేటాబేస్‌లో జీపీజీ-పబ్‌కీ పేరుతో ఉండిపోతుంది. రెండూ తీసేయండి. వాడని కీని నమ్ముతూ కూర్చోవడం దేనికి.

ఆర్చ్ వాళ్ళకు 'ప్యాక్‌మ్యాన్ -క్యూఎం', ఓపెన్‌సూసే వాళ్ళకు 'జిప్పర్ ప్యాకేజెస్ --ఆర్ఫన్డ్'. ఆర్చ్ జాబితాలో ఏయూఆర్ (యూజర్లే నడిపే ప్యాకేజీల సేకరణ) నుంచి కట్టుకున్నవి కూడా కలిసే వస్తాయి.

#11 గుంటూరు_గ్నూ

డెబియన్‌లో కూడా అలాంటి పొరుగే ఉంది. /యూఎస్ఆర్/లిబ్/మొజిల్లాని మొత్తం లేపేయకండి. ప్లగిన్స్ పక్కనే నేటివ్-మెసేజింగ్-హోస్ట్స్ ఉంటుంది. గ్నోమ్ ఎక్స్‌టెన్షన్ల కనెక్టర్, ప్లాస్మా ఇంటిగ్రేషన్ లాంటివి దాని మీదే ఆధారపడతాయి.

అలాగే ఎక్స్‌యూఎల్-ఎక్స్ట్-తో మొదలయ్యే ప్యాకేజీలు 2017 నవంబర్ ఫైర్‌ఫాక్స్ 57తో పనికిరాకుండా పోయాయి, ఉంటే తీసేయండి. వెబ్ఎక్స్ట్-తో మొదలయ్యేవి ఇప్పటివి. యూబ్లాక్ లాంటివి ఆ పేరుతోనే ఉంటాయి, వాటి జోలికి పోవద్దు.

#12 టెండర్_సీతమ్మ

నమస్తే అండీ. మా ఆఫీసులో టెండర్ల పోర్టల్లో డిజిటల్ సంతకం పెట్టాలి. అప్పట్లో జావా ప్లగిన్ వేస్తేనే టోకెన్ కనపడేది. ఐస్‌డ్‌టీ తీసేస్తే సంతకం ఆగిపోదా?

#13 గుంటూరు_గ్నూ

ఆగదు మేడమ్, కానీ ఏది తీస్తున్నారో చూసి తీయాలి. ఒకే పనికోసం వేసిన నాలుగు ప్యాకేజీల్లో చచ్చింది ఒక్కటే.

ఐస్‌డ్‌టీ-ప్లగిన్ (ఐస్‌డ్‌టీ-7, ఐస్‌డ్‌టీ-8 అని కూడా ఉంటాయి): జావా ఆప్లెట్‌ని బ్రౌజర్ లోపల నడిపేది. ఏ ఫైర్‌ఫాక్సూ దీన్ని ఇప్పుడు ఎక్కించుకోదు. తీసేయొచ్చు.

ఐస్‌డ్‌టీ-నెట్‌ఎక్స్: అదే సోర్స్ నుంచి వస్తుంది కానీ ప్లగిన్ కాదు. జేఎన్‌ఎల్‌పీ ఫైలు దించుకుని బ్రౌజర్ బయట నడిపే జావా వెబ్ స్టార్ట్. ఒరాకిల్ జేడీకే 11 నుంచి వెబ్ స్టార్ట్‌ని తీసేసింది, ఓపెన్‌జేడీకేలో ముందునుంచీ లేదు. కాబట్టి మీ పోర్టల్ ఇంకా జేఎన్‌ఎల్‌పీ ఇస్తుంటే ఇది ఉండాలి. పాత సర్వర్ల రిమోట్ కన్సోల్ వాడే అడ్మిన్లకు కూడా ఇదే దిక్కు. అక్కడ జార్ ఫైలు ఎండీ5తో సంతకం చేసినదైతే జావా.సెక్యూరిటీ ఫైల్లోని జేడీకే.జార్.డిజేబుల్డ్అల్గారిథమ్స్ లైన్ అడ్డుకుంటుంది. ఆ లైన్‌ని సిస్టమ్ మొత్తానికి సడలించకుండా, ఆ పని కోసం విడిగా పెట్టుకున్న జావాలో మాత్రమే మార్చుకోండి.

పీసీఎస్‌సీడీ: యూఎస్‌బీ టోకెన్‌తో మాట్లాడే సర్వీస్. ఉండాలి.

ఓపెన్‌ఎస్‌సీ-పీకేసీఎస్11, లేదా టోకెన్ కంపెనీ ఇచ్చిన డ్రైవరు: ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ డివైజెస్ కింద కనిపించే మాడ్యూల్. ఇది కూడా ఎస్ఓ ఫైలే, కానీ ఎన్‌పీఏపీఐతో సంబంధం లేదు. కంపెనీ డెబ్ అయితే తాత గారు చెప్పిన ~ఓ జాబితాలో తప్పకుండా వస్తుంది. గుడ్డి పర్జ్‌లో ముందు బలయ్యేది అదే.

ఇప్పుడు సంతకం ఎక్కువగా లోకల్ హెల్పర్ ప్రోగ్రామ్ ద్వారా జరుగుతోంది. అది మీ మెషీన్లోనే ఒక పోర్టు మీద కూర్చుంటుంది, పోర్టల్ పేజీ లోకల్‌హోస్ట్‌తో మాట్లాడుతుంది. పని చేయకపోతే ప్లగిన్ కోసం వెతక్కండి. ఆ హెల్పర్ నడుస్తోందా, దాని లోకల్ సర్టిఫికెట్‌ని ఫైర్‌ఫాక్స్ నమ్ముతోందా అన్నవి చూడండి.

#14 ఎస్‌ఎస్‌డీ_సుబ్బు

పర్జ్ తర్వాత మిగిలే చెత్త గురించి. తెగిన లింకులు ఇలా దొరుకుతాయి:

ఫైండ్ /యూఎస్ఆర్/లిబ్/మొజిల్లా /ఈటీసీ/ఆల్టర్నేటివ్స్ -ఎక్స్‌టైప్ ఎల్

ఫ్లాష్-మొజిల్లా.ఎస్ఓ గానీ మొజిల్లా-జావాప్లగిన్.ఎస్ఓ గానీ వస్తే ఆర్ఎం కొట్టొద్దు, 'అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ --రిమూవ్-ఆల్ పేరు' కొట్టండి. లింకుని చేత్తో తీస్తే /వార్/లిబ్/డీపీకేజీ/ఆల్టర్నేటివ్స్‌లో రికార్డు ఉండిపోతుంది.

తర్వాత చూడాల్సినవి: /ఈటీసీ/అడోబీ/ఎంఎంఎస్.సీఎఫ్‌జీ, /వార్/క్యాష్/ఫ్లాష్‌ప్లగిన్-నాన్‌ఫ్రీ, /ఈటీసీ/ఎన్విరాన్‌మెంట్‌లోనో ప్రొఫైల్.డీలోనో ఎంఓజెడ్_ప్లగిన్_పాత్ అనే వేరియబుల్. హోమ్ ఫోల్డర్లలో .అడోబీ, .మాక్రోమీడియా, .మొజిల్లా/ప్లగిన్స్, ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్లో ప్లగిన్‌రెగ్.డాట్. ఇమేజ్ కాబట్టి /ఈటీసీ/స్కెల్ అసలు మర్చిపోకండి. అక్కడుంటే ప్రతి కొత్త యూజర్‌కీ మళ్ళీ పుడుతుంది.

.మాక్రోమీడియా కింద ఫ్లాష్ కుకీలు ఉంటాయి. కొన్ని విద్యా సాఫ్ట్‌వేర్లు మార్కులు, ప్రోగ్రెస్ అక్కడే దాచుకునేవి. చెరిపేముందు టీచర్లను ఒక మాట అడగండి.

ఉబుంటూలో ఇంకో తలనొప్పి. అక్కడ ఫ్లాష్‌ప్లగిన్-ఇన్‌స్టాలర్ డౌన్‌లోడ్‌ని అప్‌డేట్-నోటిఫయర్‌కి అప్పగిస్తుంది. అడోబీ సైటులో ఫైలు లేదు కనుక "అదనపు డేటా ఫైళ్ళు దిగలేదు" అనే బాక్స్ మాటిమాటికీ వస్తుంది. పర్జ్ చేశాక కూడా వస్తుంటే /వార్/లిబ్/అప్‌డేట్-నోటిఫయర్/ప్యాకేజ్-డేటా-డౌన్‌లోడ్స్ కింద ఫ్లాష్ పేరుతో ఉన్న ఫైలు చూడండి.

#15 ల్యాబ్_రాము

మెటాప్యాకేజీ మార్చాక -ఎస్ జాబితాలో ప్లగిన్లు మాత్రమే వచ్చాయి, పర్జ్ అయిపోయింది. ఆటోరిమూవ్ ఇప్పుడు జీటీకే 2 లైబ్రరీలు, ఇంకా :ఐ386 అని తోకలున్న లైబ్రరీలు చూపిస్తోంది. 64 బిట్ ఇమేజ్‌లో ఇవెందుకు?

ఇంకోటి. కాంట్రిబ్, నాన్-ఫ్రీ అనే డెబియన్ విభాగాలను ఫ్లాష్ కోసమే పెట్టాం. సోర్సెస్ లిస్ట్‌లోంచి తీసేయొచ్చా?

#16 టెర్మినల్_తాత

32 బిట్ ఫ్లాష్‌ని 64 బిట్ బ్రౌజర్లో నడపడానికి వేసిన ఏర్పాట్ల అవశేషం అయ్యుంటుంది. 'డీపీకేజీ --ప్రింట్-ఫారిన్-ఆర్కిటెక్చర్స్' ఐ386 అంటుంది. దాన్ని తీసేసే ముందు ఐ386 ప్యాకేజీలు ఇంకేం ఉన్నాయో చూడండి. వైన్, స్టీమ్, కొన్ని ప్రింటర్ డ్రైవర్లు నిజంగానే 32 బిట్ అడుగుతాయి. ప్రింటర్ డ్రైవర్ చేత్తో వేసినదైతే తనకు కావాల్సిన లైబ్రరీలను కంట్రోల్‌లో సరిగ్గా రాసుకోదు, అందువల్ల ఆటోరిమూవ్‌కి అవి అనాథల్లా కనిపిస్తాయి. ఒక టెస్ట్ పేజీ కొట్టి చూడండి. ఆగిపోతే ఆ లైబ్రరీకి 'ఆప్ట్-మార్క్ మాన్యువల్'. ఐ386 ప్యాకేజీ ఒక్కటీ మిగలనప్పుడే '--రిమూవ్-ఆర్కిటెక్చర్ ఐ386' కుదురుతుంది, అంతదాకా డీపీకేజీ ఒప్పుకోదు.

సోర్సెస్ లిస్ట్ విషయంలో జాగ్రత్త. డెబియన్ 12లో ఫర్మ్‌వేర్‌ని నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అనే వేరే విభాగంలోకి మార్చారు. ఆ పదం మీ లైన్లో లేకుండా నాన్-ఫ్రీని తీసేస్తే వైఫై, గ్రాఫిక్స్ ఫర్మ్‌వేర్‌కి అప్‌డేట్లు రావు. ముందు అది చేర్చండి. తర్వాత మిగతా రెండూ తీసి, అప్‌డేట్ చేసి, మళ్ళీ ~ఓ చూడండి. ఆ రెండు విభాగాల నుంచి ఇంకేం వేసి ఉన్నాయో అప్పుడు బయటపడతాయి.

#17 కర్నూలు_కెర్నల్

పెద్ద డిస్ట్రోలో ఇదే పని ఎలా జరుగుతుందో కూడా ఎవరైనా చెప్పండి. డెబియన్‌లో ప్యాకేజీని తీసేయడానికి ఎవరిని అడగాలి?

#18 గుంటూరు_గ్నూ

ఎఫ్‌టీపీ.డెబియన్.ఓఆర్‌జీ అనే సూడో-ప్యాకేజీ (నిజం ప్యాకేజీ కాదు, బగ్‌ల కోసం పెట్టిన పేరు) మీద బగ్ వేయాలి. రిపోర్ట్‌బగ్‌లో ఆ పేరు ఇస్తే అదే ప్రశ్నలడుగుతూ ఫారం నింపిస్తుంది. శీర్షిక 'ఆర్‌ఎం: ప్యాకేజీపేరు -- కారణం కోడ్, వివరణ' అనే పద్ధతిలో ఉంటుంది. మెయింటెయినరే అడిగితే ఆర్‌ఓఎం, మెయింటెయినర్ పలకనప్పుడు క్యూఏ బృందం తరఫున అడిగితే ఆర్‌ఓక్యూఏ.

బగ్ వేసే ముందే రివర్స్ డిపెండెన్సీలు తేల్చాలి, లేదంటే ఆర్కైవ్ చూసుకునే ఎఫ్‌టీపీ బృందం బగ్‌ని పక్కన పెడుతుంది. డెవ్‌స్క్రిప్ట్స్‌లోని బిల్డ్-ఆర్‌డెప్స్ బిల్డ్ డిపెండెన్సీలకు, ఉబుంటూ-డెవ్-టూల్స్‌లోని రివర్స్-డిపెండ్స్ మామూలు వాటికి. తీసే ప్యాకేజీ మీద ఆధారపడే ప్యాకేజీలకు ముందు బగ్‌లు వేసి, అవి తేలాక తీసివేత. డిపెండ్స్ ఉన్నవే దారిని మూస్తాయి, రికమెండ్స్ మూయవు. కానీ రికమెండ్స్‌ని కూడా తీయించకపోతే లేని పేరు ఏళ్ళ తరబడి కంట్రోల్ ఫైళ్ళలో వేలాడుతుంది. హెడర్ ఫైళ్ళిచ్చే ప్యాకేజీలను అన్నిటికంటే చివర తీయాలి, వాటి మీద కట్టే ప్లగిన్లన్నీ పోయాక.

ప్లగిన్ విడి సోర్స్ కాకుండా పెద్ద సోర్స్‌లో ఒక బైనరీ అయితే ఆర్‌ఎం బగ్ సాధారణంగా అక్కర్లేదు. డెబియన్/కంట్రోల్‌లో ఆ బైనరీ పేరా, దాని .ఇన్‌స్టాల్ ఫైలు, కాన్ఫిగర్‌లో ప్లగిన్ ఆప్షన్ తీసి అప్‌లోడ్ చేస్తే పాత బైనరీ 'ఏ సోర్సూ కట్టడం లేదు' అనే లెక్కలో చేరి ఆర్కైవ్ శుభ్రతలో పోతుంది. పాత కంట్రోల్ ఫైళ్ళలో ఎక్స్‌బీ-ఎన్‌పీపీ- అని మొదలయ్యే ఫీల్డులు కనిపిస్తే అవీ తీసేయండి. ఏ మైమ్ టైప్‌కి ఏ ప్లగిన్ వేయాలో బ్రౌజర్‌కి చెప్పడానికి పెట్టినవి, ఇప్పుడు చదివేవాళ్ళు లేరు.

అన్‌స్టేబుల్‌లో పోయినది టెస్టింగ్‌లోంచి దానంతటదే పోతుంది. స్టేబుల్‌లోంచి తీయాలంటే రిలీజ్.డెబియన్.ఓఆర్‌జీ మీద వేరే బగ్, అదీ తర్వాతి పాయింట్ రిలీజ్‌లోనే.

వీటిలో ఏదీ యూజర్ మెషీన్లోంచి ఒక్క ఫైలు కూడా తీయదు. పైగా ఆర్కైవ్‌లోంచి పోయిన ప్యాకేజీకి కొత్త వెర్షన్ రాదు కాబట్టి న్యూస్.డెబియన్‌లో రాసే హెచ్చరిక కూడా అందదు. చెప్పాల్సిందేదైనా ఉంటే తీసివేతకు ముందు వచ్చే చివరి అప్‌లోడ్‌లోనే చెప్పాలి.

#19 ఓరుగల్లు_ఓపెన్‌సోర్స్

రాము అన్నా, ఫ్లాష్ పోయినంక ల్యాబ్‌ల పాత ఎస్‌డబ్ల్యూఎఫ్ (ఫ్లాష్ ఫైళ్ళ) పాఠాలు ఉంటే రఫుల్ చూడున్రి. రస్ట్‌ల రాసిన ఎమ్యులేటర్, వెబ్ అసెంబ్లీ (వ్యాజమ్) మీద నడుస్తది, ఏ ప్లగిన్ అక్కర్లేదు. హెచ్‌టీఎంఎల్ ఫైలుని డబల్ క్లిక్ చేసి తెరిస్తే పని చెయ్యది, ఫైల్ అడ్రస్ నుంచి వ్యాజమ్ లోడ్ కానియ్యది బ్రౌజర్. ఆ ఫోల్డర్ల 'పైథాన్3 -ఎం హెచ్‌టీటీపీ.సర్వర్' కొట్టి లోకల్‌హోస్ట్ 8000ల తెరువున్రి. ఎన్‌జిన్‌ఎక్స్‌ల పెడితే వ్యాజమ్ ఫైలుకు అప్లికేషన్/వ్యాజమ్ అనే మైమ్ టైప్ ఉండాలె. యాక్షన్‌స్క్రిప్ట్ 3తోటి రాసిన పెద్ద ప్రోగ్రాములు కొన్ని ఇంక పూర్తిగ నడవవు, ఒక్కోటి తెరిచి చూస్కోవాలె. డీసీఆర్ ఫైళ్ళు అయితే అవి షాక్‌వేవ్, ఫ్లాష్ కాదు. రఫుల్‌తోని కావు.

#20 ల్యాబ్_రాము

రఫుల్‌తో ఎక్కువ పాఠాలు తెరుచుకున్నాయి, రెండు డీసీఆర్‌లు. వాటిని పక్కన పెట్టేశాం. /ఈటీసీ/స్కెల్‌లో .మొజిల్లా/ప్లగిన్స్ కింద లిబ్‌ఫ్లాష్‌ప్లేయర్.ఎస్ఓ నిజంగానే ఉంది సుబ్బు గారూ, తీసేశాను. డెబియన్ 13కి వెళ్ళేటప్పుడు ఇవన్నీ మళ్ళీ చూడాలా?

#21 టెర్మినల్_తాత

ప్లగిన్ల కోసం అక్కర్లేదు. వెళ్ళే ముందు ఒకసారి ~ఓ, వెళ్ళాక ఒకసారి ~ఓ. పాత గైడుల్లో డెబార్ఫన్ వాడమని ఉంటుంది, 13లో ఆ ప్యాకేజీ లేదు. దానికోసం తిరగకండి. డెబియన్-సెక్యూరిటీ-సపోర్ట్ ప్యాకేజీ వేసి 'చెక్-సపోర్ట్-స్టేటస్' నడిపితే, రిపోలో ఉండి కూడా సెక్యూరిటీ సపోర్ట్ ఆగిపోయినవి, పరిమితంగా ఉన్నవి చెబుతుంది. ~ఓ చూపించలేనిది అదే. మీ సొంత రిపోలోకి కాపీ చేసిన పాత డెబ్‌లు ఇంకా ఉంటే వాటిని మాత్రం రెండూ పట్టుకోలేవు. 'రెప్రెప్రో లిస్ట్ బుక్‌వార్మ్' కొట్టి ఒక్కో పేరునీ డెబియన్ ప్యాకేజీల సైటులో సరిచూసుకోండి.